నాలుగు వేలు పెట్టి లైను తప్పించుకోవాలా?

ఒడిశాలోని బరంపురం నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వద్దన్నారు. భర్త ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కల గుమాస్తా. పన్నెండేళ్ల కూతురు, ఎనిమిదేళ్ల కొడుకు, మోకాళ్ల నొప్పులున్న అరవై ఏడేళ్ల అత్తగారు. పూజా సెలవులకు విశాఖ నుంచి ఆడపడుచు, ఆవిడ భర్త, పదిహేనేళ్ల కొడుకు, పదమూడేళ్ల కూతురు వస్తున్నారు. అందరూ కలిసి ఒక రోజు ఖుర్దా దగ్గరి వండర్లా అనే రైడ్ల పార్కుకు వెళ్దామనుకున్నారు. అక్కడే చిక్కొచ్చింది. ఆవిడ మాటల్లోనే:

"మా వదినగారు అందరికీ ఫాస్ట్‌ట్రాక్ టికెట్లే, అదే, విడి లైన్లో త్వరగా ఎక్కించేవి, తీసేద్దామన్నారు. సింగపూర్‌లో వాళ్లు అలాగే తీసుకున్నారట, లేకపోతే రోజంతా లైన్లోనే గడిచిపోతుందట. మనిషికి సుమారు ఎనిమిది వందలు ఎక్కువ. మా ఐదుగురికీ నాలుగు వేలు. అన్నయ్యగారు 'మీవి కూడా నేనే ఇస్తాలే' అన్నారు. ఆ మాటకే మావారికి కోపం వచ్చింది. 'వాళ్లు తీసుకుంటే తీసుకోనీ, మనం మామూలు లైన్లో నిలబడదాం, ప్రాణాలేం పోవు' అంటున్నారు. అమ్మాయేమో 'వాళ్లు నా పక్కనుంచి దాటి పోతుంటే నేను చూస్తూ నిలబడాలా, అయితే నేను రాను' అని ఏడ్చింది. అమ్మాయి ఎత్తు నాలుగడుగుల ఏడంగుళాలు, అబ్బాయిది నాలుగడుగుల ఒక అంగుళం. నాకైతే జెయింట్ వీల్ చూసినా కళ్లు తిరుగుతాయి. పిల్లలకు మా ఊళ్లో సెలవులు విశాఖవాళ్లకంటే నాలుగు రోజులు ఆలస్యంగా మొదలవుతాయి. అసలు ఆ టికెట్టుకు అంత డబ్బు పెట్టొచ్చా? ఇంట్లో గొడవ లేకుండా ఎలా తేల్చాలి?"

అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఒకటి టికెట్టుది, రెండోది మీవారికీ ఆయన అక్కగారింటికీ మధ్య ఉన్న మొహమాటానిది. మొదటిది లెక్క తేలితే రెండోది సగం కరుగుతుంది. ఎందుకంటే మీ ఇంట్లో ఇప్పుడు గొడవ పడుతున్నది నాలుగు వేల గురించి. లెక్క వేసి చూస్తే ఆ నాలుగు వేలు అవసరమే లేదు.

ముందు మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక అంకె చెబుతాను. నాలుగడుగుల ఏడంగుళాలంటే 139.7 సెంటీమీటర్లు. ఇలాంటి పార్కుల్లో పెద్ద రైడ్లలో చాలావాటికి 140 సెంటీమీటర్ల గీత ఉంటుంది. రైడు దగ్గర కర్రో బోర్డో పెట్టి, పాప తల ఆ గీతను తాకుతుందా లేదా అని చూస్తారు. మూడు మిల్లీమీటర్లు తక్కువైనా వెనక్కి పంపేస్తారు, అదీ లైనంతా నిలబడి ముందుకు వెళ్లాక. మీ అమ్మాయి ఏడుస్తున్నది లైను గురించి, కానీ ఆ రోజు అసలు బాధ ఇక్కడినుంచి రావచ్చు. కాబట్టి టికెట్టు మాట తరువాత, ముందు కొలత. చెప్పులు తీసేసి, మడమలు గోడకు ఆనించి, జడ పైకి ముడి వేయకుండా, తలమీద అట్టముక్క అడ్డంగా పెట్టి గీత గీసి, టేపుతో సెంటీమీటర్లలోనే కొలవండి. అంగుళాల్లో వద్దు. పొద్దున లేవగానే కొలిస్తే సాయంత్రంకంటే కాస్త ఎక్కువే వస్తుంది, అందుకని పార్కులో ఉండే వేళకు, మధ్యాహ్నం కొలవండి. మందం చెప్పులు వేసి గీత దాటించే ప్రయత్నం మాత్రం చేయకండి. భుజాలమీదకి దిగే ఆ బిగింపు కడ్డీ అంత ఎత్తున్న ఒంటికి సరిపోయేలా చేసింది. పొట్టి ఒంటిని అది సరిగా పట్టదు.

ఆ గీతతో డబ్బు లెక్క కూడా మారుతుంది. వండర్లాలో పిల్లల టికెట్టు వయసుతో కాదు, ఎత్తుతో. 140 లోపయితే పిల్లల టికెట్టే.

ఇప్పుడు మీ ఐదుగురిలో పెద్ద రైడ్లు ఎక్కేదెవరో చూడండి. అబ్బాయి 124 సెంటీమీటర్లు, వాడికి పెద్దవి లేవు. అత్తగారు ఎక్కరు, మోకాళ్లు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లను ఎక్కనివ్వరు కూడా. మీరు కళ్లు తిరుగుతాయన్నారు. మిగిలింది మీవారు, గీత దాటితే అమ్మాయి. ఐదు ఫాస్ట్ టికెట్లలో మూడు ఆ రోజంతా దాదాపు ఊరికే ఉంటాయి. చిన్నపిల్లల రైడ్ల దగ్గర చెప్పుకోదగ్గ లైను ఉండదు. వేవ్ పూల్‌కి, లేజీ రివర్‌కి, రెయిన్ డాన్స్‌కి లైనే ఉండదు. అంటే మీ ఇంటి ప్రశ్న నాలుగు వేలది కాదు, పదహారు వందలది. మీవారితో మాట్లాడేటప్పుడు ఇక్కడినుంచి మొదలుపెట్టండి.

ఆ పదహారు వందలకైనా ఏం వస్తుందో తెలియాలంటే లైను ఎలా కదులుతుందో చూడాలి. గాల్లో లోలకంలా ఊగే ఒక రైడు అనుకోండి, 20 సీట్లు. జనం ఎక్కడానికి, కుర్రాళ్లు వచ్చి ఒక్కొక్కరి కడ్డీ లాగి చూడటానికి రెండున్నర నిమిషాలు. ఊగడం రెండు నిమిషాలు. దిగి, సామాను తీసుకుని బయటికి పోవడానికి ఒకటిన్నర. మొత్తం ఆరు నిమిషాలకు ఒక రౌండు, అంటే గంటకు 200 మంది. మీ ముందు వందమంది ఉంటే ఐదు రౌండ్లు, 30 నిమిషాలు. అక్కడ నిలబడి సీట్లు లెక్కపెట్టి, ఒక రౌండుకు గడియారం చూసుకుంటే చాలు, ఏ లైనుకైనా ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. పైగా లైను పొడవు చూసి భయపడటంకంటే ఇది నమ్మకం. 40 సీట్ల రైడుకు పొడవాటి లైను కూడా గబగబా కరుగుతుంది. 12 సీట్లదానికి పొట్టి లైను కూడా నత్తలా నడుస్తుంది.

ఇందులోకి ఫాస్ట్ లైను వచ్చిందనుకోండి. ప్రతి రౌండులో 5 సీట్లు వాళ్లకిస్తే మామూలు లైనుకు మిగిలేవి 15. మీ 30 నిమిషాలు 36 అవుతాయి. రద్దీ రోజున సగం సీట్లు అటే పోతే అదే వందమంది వెనక మీరు గంట నిలబడాలి. మరి ఫాస్ట్ లైనువాళ్లు నేరుగా వెళ్లి కూర్చుంటారా అంటే, అదీ లేదు. వాళ్ల లైన్లో మీ ముందు 12 మంది ఉండి, రౌండుకు 5 సీట్లే ఇస్తుంటే రెండు రౌండ్లు పోయి మూడోదానిలో మీరు, అంటే 12 నిమిషాలు. సెలవు రోజున ఆ టికెట్టు ఎక్కువమంది కొంటారు గనక ఫాస్ట్ లైను కూడా పెరుగుతుంది. 'లైను లేదు' అనుకుని వెళ్లినవాళ్లకు కోపం వచ్చేది ఇక్కడే.

మన తిరుమల 300 రూపాయల దర్శనంతో దీన్ని చాలామంది పోల్చుకుంటారు. అది వేరు. అక్కడ మీకు రోజు, వేళ ముందే ఇస్తారు, ఆ వేళకు రమ్మంటారు. ఇక్కడ వేళ ఏదీ ఉండదు, పక్క దారి ఉంటుంది, అంతే. మీ వదినగారు చెప్పిన సింగపూర్ లెక్క కూడా ఇక్కడ పనికిరాదు. అక్కడి యూనివర్సల్ స్టూడియోస్ పార్కులో ఎక్స్‌ప్రెస్ అని ప్రవేశ టికెట్టుకు పైన విడిగా అమ్ముతారు. మామూలు ఎక్స్‌ప్రెస్‌తో ఒక్కో రైడుకు ఒక్కసారే, ఎన్నిసార్లయినా కావాలంటే అన్‌లిమిటెడ్ అని మరింత ఖరీదైనది కొనాలి. అక్కడ రద్దీ రోజుల్లో పేరున్న రైడుకు గంట దాటిన లైన్లు మామూలే, విమానం ఎక్కి వెళ్లినవాళ్లకు మళ్లీ ఎప్పుడు వస్తామో తెలియదు. మీకు ఖుర్దా సుమారు 150 కిలోమీటర్లు. ఈసారి మిగిలింది వచ్చే ఏడాది ఎక్కొచ్చు. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో 1999లో ఫాస్ట్‌పాస్ మొదలైనప్పుడు ఉచితమే, 2021లో దాన్ని ఎత్తేసి డబ్బులకు పెట్టారు. ఇప్పుడు చాలాచోట్ల ఈ పద్ధతి పార్కుకు ఆదాయం, అందుకే కొనేముందు షరతులు మీరే అడిగి తెలుసుకోవాలి. ఏయే రైడ్లకు చెల్లుతుంది? ఒక్కో దానికి ఎన్నిసార్లు? మామూలు టికెట్టు కొన్నాక గేటు దగ్గర పైడబ్బు కట్టి మార్చుకోవచ్చా? తేదీ మార్చుకోవచ్చా? ఆ రోజు ఒక పెద్ద రైడు మరమ్మతుకు ఆపేస్తే ఏమైనా తిరిగిస్తారా? ఈ అయిదూ పార్కు నంబరుకు ఫోను చేసి అడగండి.

తేదీ ప్రశ్న మీకు మరీ ముఖ్యం. అక్టోబరు సంగతి బరంపురంవాళ్లకు నేను చెప్పాలా? 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు రెండూ ఆ నెలలోనే వచ్చాయి. తుపాను దాకా ఎందుకు, ఉరుములు మెరుపులతో ఒక గంట వాన పడితే ఎత్తైన రైడ్లన్నీ ఆపేస్తారు. అప్పుడు ఫాస్ట్ టికెట్టున్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే చూరు కింద నిలబడాలి. తేదీ మారని టికెట్టు నెల ముందు కొనొద్దు.

ఇక మీ ముందున్న దారులు. నాకు బాగా నచ్చినది రోజు మార్చడం. విశాఖవాళ్లకు సెలవులు నాలుగు రోజులు ముందే మొదలవుతాయన్నారు. ఆ నాలుగు రోజుల్లో ఒక మంగళవారమో బుధవారమో పడితే, మీ పిల్లలతో ఒక్క రోజు బడి మానిపించి వెళ్లండి. ఒడిశా బళ్లు నడుస్తున్న రోజు గనక స్థానిక జనం తక్కువ. సెలవురోజున ఫాస్ట్ టికెట్టుతో పెద్ద రైడుకు 25 నిమిషాలు మిగులుతాయనుకుంటే ఐదు రైడ్లకు రెండు గంటలు, ఎనిమిది వందలకు అది ఫర్వాలేదు. పనిరోజున రైడుకు ఐదు నిమిషాలే మిగిలితే అదే ఎనిమిది వందలకు 25 నిమిషాలు. ఎవ్వరూ కొనరు, వదినగారు కూడా. ఫాస్ట్ మాటే ఎత్తకుండా గొడవ పోతుంది. నష్టాలూ ఉన్నాయి. పిల్లలకు ఒక రోజు బడి, మీవారికి ఒక సెలవు. అమ్మాయికి ఆ వారం పరీక్ష ఉందేమో చూసుకోండి. జనం తక్కువైన రోజున కొన్ని పార్కుల్లో పట్టాలమీద పరుగెత్తే రోలర్ కోస్టర్‌కు రెండు బండ్లకు బదులు ఒకటే నడుపుతారు, అందుకని లైను పొట్టిగా ఉన్నా నెమ్మదిగా కదలొచ్చు. అలాగని సెలవులు వద్దనుకుని చలికాలానికి వాయిదా వేస్తే, నవంబరు నుంచి జనవరి దాకా స్కూలు ఎక్స్‌కర్షన్ బస్సులు పనిరోజుల్లోనే వస్తాయి.

రోజు మార్చడం కుదరదు, సెలవులోనే వెళ్లాలంటే, పెద్ద రైడ్లు ఎక్కేవాళ్లకు మాత్రమే ఫాస్ట్ తీసుకోవడం ఒక దారి. వదినగారి పిల్లలిద్దరూ, అమ్మాయి 140 దాటితే అమ్మాయి, తోడుగా అన్నయ్యగారో మీవారో ఒకరు. మొత్తం నాలుగు టికెట్లు, మూడు వేల రెండు వందలు. మిగతా ఐదుగురూ మామూలు టికెట్టు. పిల్లలు ముగ్గురూ ఒకే లైన్లో ఉంటారు, మీ అమ్మాయి భయం తీరిపోతుంది. ఇందులో ఇబ్బంది మీ అబ్బాయి. అక్క, బావ, వదిన ఒక జట్టయిపోయి వాడు నానమ్మతో బెంచీ మీద మిగిలిపోతాడు. ఆ రెండు గంటలు వాడికని మీరో మీవారో వాడి ఎత్తుకు తగ్గ రైడ్లు, పిల్లల కొలను ముందే చూసి పెట్టుకోవాలి. సెల్‌ఫోన్లు లాకర్లో ఉంటాయి గనక కలుసుకునే వేళలు ముందే చెప్పుకోవాలి. ఒంటిగంటకు భోజనాల దగ్గర, మూడింటికి వేవ్ పూల్ దగ్గర, అలాగ. పదిహేనేళ్ల బావ చేతికి ఒక చేతి గడియారం కట్టండి.

ఇంకొకటి, ఫాస్ట్ ఉన్న పిల్లలు తిరిగే రైడ్లు వరసగా నాలుగు ఎక్కేస్తారు. మామూలు లైన్లో అరగంట నిలబడటంలో కడుపు కుదుటపడే సమయం దొరుకుతుంది, ఫాస్ట్‌తో అది ఉండదు.  రెండు తిరిగేవి ఎక్కాక ఒక నీళ్లదో కూర్చునేదో మధ్యలో పెట్టమని చెప్పండి. నిండుగా తిన్నాక ముప్పావుగంట దాకా అసలు వద్దు.

ఎవ్వరూ ఫాస్ట్ తీసుకోకపోవడమూ దారే, కాకపోతే దానికి క్రమశిక్షణ కావాలి. తొమ్మిదిమందికి బండి మాట్లాడుకుని తెల్లవారుజామున బయల్దేరి, గేటు తెరిచే అరగంట ముందే అక్కడ ఉండాలి. తాపీగా టిఫిన్లు చేసి, చిల్కా దగ్గర ఫోటోలు దిగి పన్నెండున్నరకు చేరితే, ఏ ఫాస్ట్ టికెట్టూ ఇవ్వలేనంత సమయం అప్పటికే పోయినట్టు. లోపలికి వెళ్లగానే గేటు పక్క రైడు దగ్గర ఆగొద్దు, అందరూ ఆగేది అక్కడే. సీట్లు తక్కువున్న పెద్ద రైడుకు నేరుగా వెళ్లండి. మధ్యాహ్నం దాకా పొడి రైడ్లు, తరువాత నీళ్లు. మధ్యాహ్నం జనమంతా నీళ్లలోకి దిగుతారు, అప్పుడు పొడి రైడ్ల లైన్లు తగ్గుతాయి. కానీ తడి బట్టలతో వాటికి ఎక్కనివ్వరు, తొమ్మిదిమంది బట్టలు మార్చుకోవడానికి అరగంట పైనే పడుతుంది. అందుకని అటూ ఇటూ రెండుసార్లు తిరిగే ఆలోచన పెట్టుకోకండి. నీళ్ల రైడ్లకు నైలాన్ ఈత బట్టలు ఉండాలి, చీరలు, నూలు బట్టలు ఒప్పుకోరు. ఇంటినుంచే తీసుకెళ్తే అక్కడ కొనే ఖర్చు తప్పుతుంది. ఈ దారిలో సెలవు రోజున నాలుగైదు పెద్ద రైడ్లే కుదురుతాయి, ఏడెనిమిది కాదు. పిల్లలకు ముందే చెప్పండి, ఒక్కొక్కరినీ తప్పకుండా కావాల్సిన రెండు ఎంచుకోమనండి.

అన్నయ్యగారు ఇస్తానన్న డబ్బు తీసుకోవడం చివరి దారి. అందులో తప్పు లేదు. మీవారికి గుచ్చుకున్నది డబ్బు కాదు, 'మీవి కూడా' అన్న మాట అనుకుంటాను. అక్కగారింటివాళ్లు అతిథులుగా వస్తున్నప్పుడు ఆతిథ్యం ఆయన చేతుల్లో ఉండాలి. అది ఆయన చేతికే ఇవ్వండి: బండి, దారిలో టిఫిన్లు, పార్కులో మధ్యాహ్నం భోజనం మీ ఖర్చు, ఫాస్ట్ టికెట్లు వాళ్ల ఖర్చు. తొమ్మిదిమందికి లోపలి భోజనమే తక్కువేం కాదు, లెక్క దాదాపు సరిపోతుంది. వదినగారికి మీరే ఫోను చేయండి, టికెట్ కౌంటర్ దగ్గర అందరిముందూ కాదు, ఆవిడ కొనేయకముందే. 'వదినగారూ, పెద్దవి ఎక్కేది పిల్లలే కదా, వాళ్లకు ఫాస్ట్ మీరు తీసుకోండి, బండీ భోజనాలూ మీ తమ్ముడు చూసుకుంటారు' అంటే చాలు. ఆవిడ ఉద్దేశం గొప్ప చూపించడం కాదని మీ ఉత్తరం చదివితే నాకు తెలుస్తోంది, తనకు తెలిసిన సౌకర్యం మీకూ చూపించాలనుకుంది. అయితే తరువాత ఎప్పుడైనా ఆ మాట ఎత్తిచూపే అలవాటు వాళ్లింట్లో ఉంటే, ఈ దారి వదిలేయండి. ఆ సంగతి నాకంటే మీకే తెలుసు.

అమ్మాయి అడుగుతున్నదానికి మాత్రం సూటిగా జవాబు చెప్పండి. డబ్బున్నవాళ్లు ముందు వెళ్తారు, అవును, ఆ సీట్లు మామూలు లైనువాళ్ల సీట్లలోంచే పోతాయి, అదీ అవును. పన్నెండేళ్ల పిల్లకు ఇది అర్థమవుతుంది. పైన చెప్పిన 20 సీట్ల లెక్క దానితోనే వేయించండి. మీవారి మాటలో 'ప్రాణాలేం పోవు' అన్నది నిజమే, కానీ పక్కనుంచి తన సొంత వదినే దాటిపోతుంటే పిల్లకు అవమానంగా ఉంటుందన్నదీ నిజమే. రెండు కుటుంబాల్లో ఒకదానికి ఫాస్ట్, ఇంకోదానికి మామూలు అన్న ఏర్పాటు ఒక్కటే నేను వద్దనేది. దానికంటే ఎవ్వరూ తీసుకోకపోవడం నయం.

మీ అత్తగారి సంగతి ఎవరూ అడిగినట్టు లేదు. ఆవిడ ఏ రైడూ ఎక్కరు, రోజంతా నడక, ఎండ. వస్తానంటున్నారా, అందరూ వెళ్తున్నారని వస్తున్నారా అని టికెట్టు తీసేముందు ఒకసారి విడిగా అడగండి. వస్తానంటే అరవై దాటినవాళ్లకు తగ్గింపు ఉందేమో బుకింగ్‌లో చూడండి, వయసు చూపించే ఆధార్ కార్డు వెంట పెట్టుకోండి. చేరగానే భోజనాల దగ్గరలో నీడ ఉన్న బెంచీ ఒకటి చూసి, కలుసుకునే చోటు దాన్నే చేయండి. ఆవిడ వెతుక్కుంటూ తిరగక్కర్లేదు, మీరంతా ఆవిడ దగ్గరికే వస్తారు.